పాల సొర

తార్నాకలో మా ల్యాబులో
పురుగు ఆయుష్షు మూడు వారాలు.
వెంట్రుక కొసంత ఉంటుంది. దానికి పేరుండదు,
పళ్ళేనికి నంబరుంటుంది.
ఇరవై రెండేళ్ళుగా నా ఉద్యోగం
వాటి రోజులు లెక్కపెట్టడం.

ప్లాటినం తీగతో తల దగ్గర మెల్లగా తాకుతాను.
కదిలితే ఒక గీత.
కదలకపోతే ఇంకో రెండుసార్లు తాకి,
సున్నా చుట్టి మూత పెడతాను.

ఈసారి వాటి తిండిలో పాదరసం కలిపాం,
సముద్రపు చేపల్లో దొరికే రకం,
కంటికి ఆనదు, నాలుకకు తెలియదు.
ఎనిమిదో రోజుకే
పదిహేనో రోజు నడక వచ్చింది కొన్నిటికి.
తల దగ్గర వణుకు,
తిండి పక్కనే ఉన్నా అటు పోలేని బద్ధకం.
కొన్నిటికి ఏమీ కాలేదు.
ఎందుకో సారుకీ తెలియదు.
"పురుగు పురుగే, మనిషి మనిషే.
తొందరపడి ఏమీ అనకూడదు" అంటారు.
నేనేమీ అనను. లెక్క రాస్తాను.

ఆదివారం, రాంనగర్ చేపల మార్కెట్.
ఐసు కరిగి చెప్పుల్లోకి కారుతోంది.
ఇంట్లో పదకొండు రోజుల బాలింత, నా మేనకోడలు ప్రవల్లిక.
మా అమ్మ సూరాయమ్మ బందరు నుంచి మోసుకొచ్చిన
చట్టాల్లో మొదటిది:
సొర పుట్టు పెట్టందే బాలింతకి పాలు పడవు.
నాకూ పెట్టింది. నన్ను కన్నప్పుడు తనూ తింది.

"పాల సొర అక్కా, పొద్దుగాల్నే దిగింది,
కాకినాడ కెళ్ళి రాత్రి లారీల వచ్చింది.
తల్లి తింటే పిల్లకు కడుపునిండ పాలు"
అంది గంగామణి, కత్తిపీట మీంచి తల ఎత్తకుండా.

నేను దాని వయసు చూస్తున్నాను.
అది తిన్న కానగంతలు,
కానగంతలు తిన్న నెత్తళ్ళు,
నెత్తళ్ళు తిన్న కంటికానని నాచు,
ఏ పొగగొట్టం మీంచో వచ్చి నాచు మీద కురిసిన వాన.
ఒక్కొక్కరూ బాకీ తీర్చకుండానే
పైవాడి నోట్లోకి వెళ్ళిపోయారు.
మొత్తం పద్దు ఇదిగో, ఐసు మీద,
కళ్ళు తెరుచుకుని.

చిన్నప్పుడు జ్వరం చూసే గొట్టం పగిలి
గచ్చు మీద పరుగెత్తిన వెండి పూసలు గుర్తొచ్చాయి.
వేలితో తోస్తే రెండయ్యేవి, మళ్ళీ ఒకటయ్యేవి.
ఎంత ముద్దొచ్చాయో.
అమ్మ చీపురుతో ఊడ్చేసింది.
అన్నీ దొరికాయా అని ఎవరూ అడగలేదు.

"ఏం జూస్తున్నవక్కా, తాజాదే"
పొట్ట నొక్కి చూపించింది గంగామణి.
ఆమె ముంజేతుల మీద ముడతలు
ఐసువో, ఉప్పువో, ఏళ్ళవో.
అమ్మగా మిగిలిందే వండుకుంటుందట, పెళ్ళైన నాటి నుంచీ.
నాకంటే చిన్నదో పెద్దదో చెప్పలేను.
నా లెక్కల పుస్తకంలో ఆమెకు గడి లేదు.

అరకిలో నెత్తళ్ళు తీసుకున్నాను.
ఏడాదైనా నిండి ఉండని చేపలు,
అప్పు చెయ్యడానికి వయసు చాలనివి.

ఇవాళ సొర రాలేదమ్మా, అన్నాను.
అమ్మ నా సంచీలోకి చూసింది, తర్వాత నా మొహంలోకి.
ఎనభై ఒకటి ఆమెకి.
సొర తింటూనే వచ్చింది ఇంత దూరం.
"ఆదివారం పూట రాకపోవడమేంటే" అని గొణిగి
నెత్తళ్ళ తలలు గిల్లడం మొదలుపెట్టింది.

లోపల గదిలో ప్రవల్లిక కునుకు తీస్తోంది.
వంగి, చూపుడు వేలితో
పాప నుదుటి మీద మెల్లగా తాకాను.

కదిలింది.