ఇరవై అడుగులకే

తెర మీద అక్షరాలు పడ్డాయి:
"లోకం ముగిసిన నూరేళ్ళకు."
తర్వాత ఇసుక. ఇసుకలో మునిగిన మిద్దెలు.
బెంచీలో ఎవడో అరిచాడు,
"రేయ్, ఇది మన దర్గా హొన్నూరే గదరా!"
రాయదుర్గం హాలంతా ఒకటే నవ్వు.

టికెట్లు చించేవాణ్ణి, తలుపు దగ్గరే నిలబడి చూశాను.
ముసుగుల మనుషులు బిందెడు నీళ్ళకు కత్తులు దూస్తుంటే
జీన్సు కుట్టే ఆడోళ్ళు ట్యాంకరు వరస గుర్తొచ్చి
ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు.
హీరో నేల తవ్వాడు.
ఇరవై అడుగులకే నీళ్ళు!
ఎనిమిది బోర్లేసి తడి చూడని వన్నూరప్ప
లేచి నిలబడి తెరకు దండం పెట్టాడు:
"ఇరవైకే పడినాయంటే
ఇంగ వాళ్ళకేం కరువప్పా!"
ఈలలు. బుడ్డల పొట్టు గాల్లోకి.

ఆ తర్వాతే, ఆ పిల్లోడు.
లోకంలో మిగిలిన ఒకే ఒక్క గింజ,
తాత డబ్బాలో దాచింది,
ఆకలికి నోట్లో వేసుకున్నాడు.

నవ్వు ఎక్కడికి పోయిందో.
ఫ్యాన్ల చప్పుడు వినబడింది.
"ఒరే, ఇత్తనం రా అది,"
అంది చీకట్లో ఒక ఆడగొంతు, మెల్లగా,
సొంత బిడ్డకు చెప్పినట్టు.
విత్తనకాయల మూట విప్పి ఉడకేసుకున్న ఇళ్ళు
ఆ హాల్లో ఎన్నున్నాయో
నేను లెక్క పెట్టలేదు.

సినిమా మూడు రోజులాడలేదు.
పాటల్లేవన్నారు. అర్థం కాలేదన్నారు.

వన్నూరప్ప మాత్రం మర్నాడు
మధ్యాహ్నమే వచ్చి గేటు పట్టుకున్నాడు.
టికెట్టు కొనలేదు.
"ఏమప్పా, ఈ ఆటలో గూడా
తింటాడా వాడు?"