రెండు పూటలా ఉప్పు

రోజంతా జనం కనుబొమ్మలు చూసే పని నాది.
డాబాగార్డెన్స్‌లో కళ్ళద్దాల కొట్టు.
ఫ్రేము పెట్టి, ముక్కు మీద సర్ది,
"కొంచెం పైకి చూడండి సార్" అంటాను.
పన్నెండేళ్ళు. గుబురువీ, గీతల్లాంటివీ,
పెళ్ళికి ముందురోజు దారంతో లాగించుకుని
ఇంకా ఎర్రగా ఉన్నవీ.
షిప్‌యార్డులో రిటైరైన ఒకాయనకి
వెల్డింగు రవ్వ పడ్డ చోట వెంట్రుక మొలవలేదు.
ఆయన మొహం మరిచిపోయాను,
ఆ ఖాళీ గుర్తుంది.
నావి ఎవరూ చూడరు.
కౌంటరుకి ఇవతలున్న మనిషికి
కనుబొమ్మలుండవు.

జీతం అందిన సాయంత్రం
సిరిపురంలో రెండంతస్తులు ఎక్కాను.
జోయెల్ అనే కుర్రాడు, నల్ల గ్లవుజులు,
పెన్నుతో ఎడమవైపు రెండు చుక్కలు పెట్టి అద్దమిచ్చాడు.
"ఇక్కడేనా అక్కా?"
అద్దాలమ్మే నన్ను
ఆ మాట ఎవరూ అడగలేదు ఇంతవరకూ.

"ఊపిరి పీల్చు, ఇప్పుడు వదిలెయ్."
వదిలేలోపే సూది అవతలికి వెళ్ళిపోయింది.
నొప్పి అనలేను.
స్టీలు గిన్నెని చెంచాతో గీకిన చప్పుడు
చర్మం లోపల వినపడినట్టు.
ఎడమ కన్ను తనంతట తనే ఏడ్చింది.
కుడి కన్ను చూస్తూ ఊరుకుంది.

తిప్పకు, తాకకు, పక్కు గిల్లకు.
మరిగించి చల్లార్చిన నీళ్ళలో
గ్లాసుకి పావు చెంచా ఉప్పు, రెండు పూటలా.
"సముద్రంలో మాత్రం దిగకు, రెండు నెలలు."
కిటికీలోంచి అంత ఉప్పునీరు కనబడుతుంటే
కిరాణా కొట్లో ఉప్పు ప్యాకెట్టు కొన్నాను.

కోటవీధిలో మా గుమ్మం ముందు
గోనె మీద నెత్తళ్ళు తిరగేస్తూ నానమ్మ, నూకాలు.
"ఏటే గుంటా, గాలానికి పడిపోనావేటి?"
ఆవిడ ముక్కుకి రెండు వైపులా పుడకలు.
మధ్యలో, బోటు ఇంజను కోసం అమ్మేసిన
అడ్డబాస తాలూకు బొక్క,
నలభై ఏళ్ళయినా పూడలేదు.
అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు.
కొట్టు యజమాని ఖాదర్‌వలీ గారు మాత్రం
"ఫ్రేము ఒరుసుకోకుండా చూసుకో తల్లీ" అని
బిల్లు పుస్తకంలోకి తలదించుకున్నారు.

అయిదో రోజుకి వాచింది.
మా వీధిలో పొద్దున్న తుడిచిన కిటికీ గట్టు మీద
సాయంత్రానికి వేలిముద్ర పడుతుంది,
పోర్టు గాలికొచ్చే నల్లపొడి.
దిండు గలీబు రోజూ మార్చాను.
కుడిపక్కకే పడుకుని
గోడనే చూస్తూ నిద్రపోయాను.

"పసుపెట్టనా?"
వద్దు.
"కొబ్బరినూని?"
వద్దు నానమ్మా, ఉప్పునీళ్ళంతే.
చాలాసేపు ఆలోచించింది.
"నా ముక్కు కుట్టించిన్నాడు మాయమ్మ
నన్ను సంకనెత్తుకెల్లి
అలకి అడ్డంగా ఒగ్గీసింది."

మర్నాటి నుంచి నేను లేచేసరికే
గట్టు మీద గ్లాసు, దాని మీద మూత.
పావు చెంచా లెక్క ఆవిడకి పట్టదు.
అరచేతిలో చుక్క వేసుకుని నాలికతో చూస్తుంది.
"సంద్రమంత ఉండకూడదు.
ఏడుపంత ఉంటే చాలు."

ఏడో వారం, పక్కులు పోయాయి.
కడ్డీ ఒక వెంట్రుకవాసి ముందుకి జరిగిందన్నాడు జోయెల్.
ఒళ్ళు కొన్నిటిని మెల్లగా బయటికి తోసేస్తుందట.
ఉంటుందో ఉండదో
ఇప్పుడే చెప్పలేనన్నాడు.
సరే అన్నాను.

ఆ రాత్రి నానమ్మ పెరట్లోకెళ్ళి
మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని కడుక్కుని వచ్చింది.
"ఒక్కపాలి ముట్టుకోనా?"
కడ్డీని ముట్టుకోలేదు.
దాని పక్క వెంట్రుకల్ని ఒక్క వేలితో
ముక్కు వైపు నుంచి కణత దాకా సర్దింది,
కొత్త ఫ్రేము సరిచూసినట్టు.
అంత సబ్బు పెట్టినా
ఆ వేలికి నెత్తళ్ళ వాసన.
నేను కొంచెం పైకి చూశాను.