ఒకటి బాగుందా, రెండు బాగుందా

టౌన్స్‌విల్‌లో కళ్లద్దాల కొట్టు నాది.
చీకటి గదిలో అద్దాలు మారుస్తూ
"ఒకటి బాగుందా, రెండు బాగుందా?"
పొద్దస్తమానం ఇదే ప్రశ్న.

కొట్టు వెనక, చెత్తడబ్బాలు దాటాక
రేగుకంపల నీడన
బూడిదరంగు మగపిట్ట ఒకటి
పుల్లలు నిలబెట్టింది రెండు వరసలు,
మధ్యన మూరెడు సందు.
గూడు కాదు. గుడ్డు పెట్టే చోటూ కాదు.
పందిరి.
పెళ్లికూతురు ఇంకా ఖాయం కాని పందిరి.

ముంగిట్లో ఆరబోసినట్టు
వెలిసిన నత్తగుల్లలు, వాలబీ వెన్నుపూసలు,
సీసా పెంకులు,
ఏ సిపాయి కొడుకు పారేసుకున్నాడో
తుపాకి ఎత్తిన ఆకుపచ్చ ప్లాస్టిక్ జవాను.

పక్క బేకరీ డెస్మండ్ చెప్పాడు:
"చిన్నవి దగ్గర, పెద్దవి దూరం.
లోపల నిలబడి చూస్తే అన్నీ ఒకే సైజు."

దూరపు కొండలు నునుపని తెలుసు గానీ
ఆ నునుపుని కొలిచి పరిచేవాణ్ని
ఇప్పుడే చూడడం.

నమ్మలేక, ఓ ఆదివారం
దొంగలా గొంతుక్కూచుని తారుమారు చేశాను.
పెద్దవి ముందుకి, చిన్నవి వెనక్కి.
బుధవారానికి
ప్రతి గుల్లా తన చోటికి తిరిగొచ్చేసింది.
జవాను మాత్రం లేడు.
రోడ్డవతల ఇంకో పందిట్లో దొరికాడు.
చేతివాటం అనడానికి చెయ్యేదీ,
ముక్కువాటం.

సెప్టెంబరులో ఆమె వచ్చింది.
సందులో నిలబడింది.
ఇతను గోడ పక్కనించి మెడ చాచి
వెనక దాచుకున్న ఊదారంగు కుచ్చు విప్పి
ఎర్ర మిరపకాయ చూపించి, విసిరేసి,
పచ్చ గాజుపెంకు ఎత్తి, అదీ విసిరేసి,
తుప్పుపట్టిన గడియారంలా టిక్కుటిక్కుమని
ఎన్ని తిప్పలో.
ఆమె తల అటు వంచింది. ఇటు వంచింది.
ఎగిరిపోయింది, జవాను ఉన్న పందిరి వైపు.

ఇతను ఒక గుల్లని
రెండంగుళాలు పక్కకి జరిపాడు.

ఆ సాయంత్రం షట్టర్ దించి
మట్టిలో బోర్లా పడుకుని
ఆమె కాళ్లానిన చోట గడ్డం ఆనించాను.
రాళ్లన్నీ సమానం. ముంగిలి చిన్నది.
దాని చివర నిలబడ్డవాడు
పిట్టంత లేడు, గద్దంత ఉన్నాడు.

ఇరవై రెండేళ్లుగా ఊరందరి చూపూ సరిచేస్తున్నాను.
ఇంత శ్రద్ధగా
ఒక్కరి చూపూ తప్పించలేదు.

మర్నాడు మొదటి బేరం బెరిల్,
లారీలు నడిపి రిటైరైన మనిషి.
"ఒకటి బాగుందా, రెండు బాగుందా?"
తల అటు వంచింది. ఇటు వంచింది.
"మళ్లీ చూపించు," అంది.
మోచేతికి ఇంకా మట్టి.
మళ్లీ చూపించాను.