పిగ్మీ అబ్బాయి

నలభై ఆరేళ్ళొచ్చాయి.
వన్‌టౌన్‌లో నా పేరింకా పిగ్మీ అబ్బాయే.

సైకిలు పోయి స్కూటరొచ్చింది,
కార్బన్ కాగితం పోయి చీటీలు కక్కే మిషనొచ్చింది,
భుజానున్న సంచి మాత్రం అదే.
నాలుగింటికి కాళేశ్వరరావు మార్కెట్టు వెనక మొదలెట్టి
పులిపాటివారి వీధి, శివాలయం వీధి, ఇస్లాంపేట,
లైట్లు వెలిగే వేళకి పంజా సెంటరు.
ఇరవై. యాభై. పది. మళ్ళీ ఇరవై.

నోట్లన్నీ ఒకటే అంటారు గానీ
బాజీ ఇచ్చే యాభైకి తాళంచెవుల ఇనప రజను అంటుకునుంటుంది.
వజ్రమ్మ ఇచ్చే ఇరవై ఎండురొయ్యల వాసన.
కనకరత్నం పది ఎప్పుడూ తడే,
మల్లెల మీద చల్లగా మిగిలిన నీళ్ళు.

ఎలా దాస్తారని నన్నెవరూ అడగరు.
అడిగితే చెబుతాను.

బాజీ రెండో టీ తాగడు.
అతని ఆస్తి కథంతా అంతే.
"మొదటి టీ నాది, రెండోది నా ఇంటిది" అనేవాడు.
జక్కంపూడిలో గదిన్నర ఇల్లు లేచాక కూడా
రెండో గ్లాసొస్తే చెయ్యడ్డం పెడతాడు.
ఇల్లు కట్టడం అయిపోయిందని
ఆ చేతికి ఎవరూ చెప్పినట్టు లేరు.

వజ్రమ్మది ఇంకో లెక్క.
కరకరలాడే నోటు విరవాలంటే ఆవిడకి మనసొప్పదు.
మాసినవి ఖర్చుకి, మెరిసేవి నాకు.
ఏ బ్యాంకు మేనేజరుకీ తట్టని సూత్రం!

ఫ్యాన్సీ షాపు శేషుబాబు
రోజుకి వెయ్యి రాసుకోమన్నాడు, గట్టిగా, నలుగురూ వినేలా.
మూడో వారం నుంచి నా స్కూటరు చప్పుడుకి
అతని షట్టరు సగం దిగుతుంది.
నేనేమీ అనుకోను.
వెయ్యితో మొదలెట్టే రోజుల్లో నాకూ అలాంటి షట్టరుండేది.

బుడమేరు సింగ్‌నగర్‌లోకి వచ్చిన ఏడాది
కనకరత్నం ఇంట్లో ఫ్రిజ్జు పడవయింది.
నీళ్ళు తీశాక పదో రోజున
పాస్‌బుక్కుని అప్పడంలా ఎండబెట్టి తెచ్చింది.
అంకెలన్నీ ఒకదాంట్లోకొకటి కారి
పేజీ పేజీకీ ఒక నీలి మరక.
"పోయినట్టేనా?" అంది.
మిషను నొక్కి చూపించాను:
పద్దెనిమిది వేల నాలుగొందల పది.
ఎవరిదో పెద్దింటి గుమ్మాన్ని చూసినట్టు
దూరంనుంచే చూసింది, ఆ అంకెని.
రెండు వేలు తీసుకుంది. స్టవ్వు, బకెట్లు, ఒక చాప.
మర్నాడు పూలు లేవు, గంప లేదు,
పది రూపాయలు మాత్రం ఇచ్చింది.

చీటీ చింపి ఇస్తుంటే అడిగింది:
"మరి నీదెంతుందిరా అబ్బాయ్?"

ఇరవై రెండేళ్ళు.
నా చేతుల మీదుగా ఈ వీధులు
ఆటోలు కొనుక్కున్నాయి, పిల్లల్ని నర్సింగు చదివించుకున్నాయి,
పుస్తెలతాడు విడిపించుకున్నాయి.
నా ఖాతా తెరుద్దామనే ఉన్నాను,
వచ్చే నెల నుంచి.
ఊరి డబ్బు మోసే సంచికి చిల్లు లేదు.
చిల్లంతా చొక్కా జేబుకే.

కనకరత్నం కొంగు ముడి విప్పి
ఇంకో పది నా మిషను మీద పెట్టింది.
"నీ పేరున రాయి. ఇది అప్పు.
రేపట్నుంచి నేను వసూలు చేస్తా."

నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

ఇప్పుడు ఆరున్నరకి ఆ గంప దగ్గరికొస్తే
నా సంచి కంటే ముందు నా జేబు తెరుచుకోవాలి.
రెండో టీ ఎంత తియ్యగా ఉంటుందో
తాగడం మానేశాకే తెలిసింది.
మొన్న బుధవారం అటు వెళ్ళకుండా
సందులోంచి తప్పుకున్నాను, నేనే, పిగ్మీ అబ్బాయిని.

గురువారం
మూర కొలుస్తూ కొలుస్తూ
తలెత్తకుండానే అంది:
"నిన్నటిది కూడా తియ్యి."