మూడు గదుల గొంతు

కళింగపట్నంలో ఐసు ఫ్యాక్టరీ మెకానిక్కుని.
డ్యూటీ లేని సాయంత్రాలు
డాబా మీంచి పక్కింటి కొబ్బరిచెట్టుకి లాగిన రాగితీగతో
ఆకాశంలో మాట్లాడతాను.

మాట్లాడతానన్నానా, తప్పు.
టైపు చేస్తాను.
అక్షరాలు సన్నటి ఈలై
నలభై మీటర్ల బ్యాండు మీద పోతాయి.
తెర మీద వాటి జాడలు
పైనుంచి కిందికి జారుతుంటాయి,
నీలం మీద పసుపు గీతలు.
గీతకో మనిషి.
గీతకీ గీతకీ నడుమ
చీర అంచంత జాగా.

నిరుడు ఆషాఢంలో పోస్టులో ఒక కార్డు వచ్చింది.
బరంపురం నుంచి, బడిపంతులట,
నేనెన్నడూ పలకరించని మనిషి.
గుండ్రటి తెలుగు అక్షరాలు:

"అయ్యా, తమరి గొంతు బాగుంది.
కాని ఒక గదిలో కూర్చుని
మూడు గదుల్లో వినిపిస్తున్నారు.
పక్క గదిలో మా అమ్మాయి మోర్సు నేర్చుకుంటోంది,
దానిది రెండు వాట్ల సెట్టు.
తమరు వచ్చినప్పుడల్లా
దాని చుక్కలు మునిగిపోతున్నాయి."

ఒళ్ళు మండింది.
లైసెన్సుంది, యాభై వాట్లకి హక్కుంది,
ఆకాశానికి గట్లేమిటి?
కార్డు తెచ్చి మా అయ్యకి చదివి వినిపించాను,
నా పక్షం మాట్లాడతాడని.

మైలపల్లి ఎర్రయ్య రేడియోలో వాతావరణం తప్ప ఏదీ వినడు.
వల కుడుతున్న చెయ్యి ఆపలేదు.
"పక్కోడి వల నీట్లో ఉంటే
ఆడి తాడు మీంచి ఎవుడైనా వలేత్తాడేట్రా?
నీట్లో వల కనపడదు.
బెండు కనపడతాది. సూసి తప్పుకోవాల."
దారం పళ్ళతో కొరికి,
"బెండు ములిగిపోనా వలుంటాది" అన్నాడు.

ఆ రాత్రి సెట్టు ముందు కూర్చుని
మీటరు ముల్లు మొదటిసారి సరిగ్గా చూశాను.
ఎన్ని నెలలుగానో అది ఎర్రగీత దాటి వణుకుతోంది.
కంప్యూటర్లో శబ్దం మీట చివరికంటా తోసి ఉంది,
నేనే తోశాను,
పెంచితే దూరం పోతుందని.
పెరిగింది వెడల్పు.

మీట పావు వంతుకి దించాను.
పదిహేను వాట్లు చాలన్నాను.
ముల్లు పడుకుంది.

అప్పుడు ఏమీ పంపకుండా
చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాను.
నాలుగు కిలోహెర్ట్జుల పైన
పదిహేను సెకన్లకోసారి
గుంపుగా కూసే యంత్రాల వీధి.
వాటికి ఎవరు అడిగినా వినపడదు,
ఎడంగా ఉండడమొకటే మర్యాద.
నా వైపు తెర మీద
శుభ్రమైన నీలం.
పాలకొండ బస్సులో ఖాళీ సీటు చూసినట్టు
చెయ్యి దానంతటదే ముందుకు పోయింది.

కూర్చోబోతూ ఆగాను.
సీటు మీద తువ్వాలుంది.

చాలా సన్నగా, తెర పట్టలేనంత సన్నగా,
ఎవరో తడబడుతూ కొడుతున్నారు.
గీత, చుక్క, గీత, ఆగడం.
తప్పు పోయినట్టుంది,
మళ్ళీ మొదట్నుంచి.
మళ్ళీ తప్పు.
ఐసు గడ్డ మీద నీటిబొట్టు పడ్డట్టుంది ఆ చప్పుడు.
ఆ పిల్లే అని చెప్పలేను,
ఎవరైతే ఏం?
అరగంట విన్నాను.
నాకొచ్చిన మోర్సు పరీక్ష నాటిది,
సగం తుప్పు పట్టింది;
అయినా ఒక మాట అందింది.
అది ఎవరినో అడుగుతున్న ప్రశ్న:
ఇక్కడెవరైనా ఉన్నారా?

జవాబివ్వలేదు.
రెండు కిలోహెర్ట్జులు జరిగి
నేనూ అదే అడిగాను,
రెండుసార్లు అడిగి ఆగి,
ఆ తర్వాతే పేరు చెప్పుకున్నాను.

బరంపురానికి కార్డు రాశాను.
క్షమించమనడానికి మాట కుదరక
ఒక్క వాక్యం:
"ఇప్పుడెన్ని గదులు?"

కార్తీకంలో జవాబొచ్చింది.
పంతులు రాత కాదు.
ఊదారంగు స్కెచ్ పెన్నుతో
కార్డు నిండా చుక్కలూ గీతలూ,
ఒక చుక్క దగ్గర కొట్టివేత.
పాత పుస్తకం తీసి
ఒక్కో అక్షరం విప్పుకుంటూ పోతే
తేలింది:

ఒకటిన్నర.

అయ్యకి చెప్తే
వల ఒళ్ళోంచి జారేలా నవ్వాడు.

ఆ మిగతా సగం కోసం
ఇప్పుడు డాబా మెట్లెక్కుతున్నాను,
జేబులో స్క్రూడ్రైవరు.