దొంగ మోటరు

ఎండకాలం మా మూడో అంతస్తుకు నల్లా రాదు.
నీళ్లు లేక కాదు, ఎక్కలేక.
పైపుకు చెవి ఆనిస్తే
కింద ఎక్కడ్నో గురగుర వినబడుతది.
కింది పోర్షన్ విఠలాబాయి దొంగ మోటరు పెట్టి గుంజుకుంటది,
వాటర్ బోర్డోళ్లు వచ్చి పట్టుకపోయేదాంక.

జహంగీర్ సాబ్ గడియారాల దుకాణంల
నెలకొక డబ్బా సెల్లులు పారేస్తడు.
"ముల్లు ఆగింది, సెల్లు ఖతం."
ఒకటి తెచ్చి మీటరు పెట్టి చూసిన:
సున్నా పాయింట్ ఎనభై ఏడు.
ఖతం కాదు సాబ్,
ఇది మూడో అంతస్తు నల్లా.
తెల్ల ఎల్ఈడీ ఏమో
మూడు వోల్టులకు తక్కువైతే కన్నే తెరవదు.

మా మెట్ల మీద బల్బు పోయి ఆరు నెలలు.
కొత్తది ఎవరు కొనాలె అన్న పంచాయితీ తెగలే.
తొమ్మిదో మెట్టు సగం విరిగింది.
మొన్న బిందెతోని ఎక్కుతుంటే
నసీమ్ చెయ్యి బెణికింది.

మాడిపోయిన సీఎఫ్ఎల్ బల్బు మెడ కోసి
లోపలి నల్ల ఉంగరం తీసిన,
చిటికెన వేలికి సుత పట్టదు.
కోఠి గుజరాతీ గల్లీల ట్రాన్సిస్టర్ అడిగితే
"ఒక్కటేనా?" అని నవ్విండు దుకాణపాయన.
గోధుమ, నలుపు, ఎరుపు చారల రెసిస్టర్
పైసలు తీసుకోకుంటనే పొట్లంల ఏసిండు.
రెండు తీగలు జంటగ పట్టి
ఉంగరంల నుంచి పదకొండు చుట్లు.

వెలగలే.

మీటరు పెడితే తీగల్నే కరెంటు పోతలేదు.
అజామాబాద్ షెడ్డుల ఇరవై రెండేండ్లు
ఫ్యాన్లకు తీగ చుట్టిన మణెమ్మ బిడ్డను,
రాగి మీది వార్నిష్ గీకుడు మరిచిన.
ఎవరూ చూస్తలేరు గదా అనుకుంటనే
బ్లేడుతోని గీకిన.
వెలగలే.
ఎల్ఈడీ కాళ్లు తిప్పిన.
ట్రాన్సిస్టర్ చదును మొఖం నా దిక్కు పెట్టుకొని
దాని మూడు కాళ్లు మళ్ల లెక్కబెట్టిన.
ఒక్కో కంపెనీది ఒక్కో తీరు.
ఊడబీకి, మళ్ల అతికిన.
కోపానికొచ్చి కొత్త సెల్లే పెట్టిన.
ట్రాన్సిస్టర్ గోరువెచ్చగైంది,
ఎల్ఈడీ మాత్రం చీకట్లనే.

అమ్మ అన్నంల పచ్చిపులుసు పోసుకుంట
తల ఎత్తకుంటనే అన్నది:
"రంపానికి చెరో దిక్కున్నోళ్లు
ఇద్దరూ ఒక్కపాలే గుంజితే చెక్క తెగుతదా?
ఒకదాని తోక ఇంకోదాని తలకు కలుపు."
ఆమె ఎన్నడూ ఎల్ఈడీ ముట్టలే.

ఒక తీగ కొసలు తారుమారు చేసిన.

గోరంత దీపం కొండంత వెలుగంటరు.
గోరంత దీపం
గోరంతనే వెలిగింది.
తొమ్మిదో మెట్టుకు అది చాలు.

నల్లా టక్కున కట్టేస్తే
పైపు దన్నుమంటది చూడు, అదే ఇది.
చుట్టల కరెంటు నిండుతది, తలుపు పడుతది,
ఆగలేక ఎగిరి ఎల్ఈడీల దూకుతది.
సెకనుకు వేల సార్లు పడుకుంట తెరుసుకుంట,
మన కండ్లకేమో కదలని చుక్క.

విఠలాబాయి పైకొచ్చింది.
"ఈ కరెంటు బిల్లు ఎవరి లెక్కల?"
"ఎవరి లెక్కల లేదు."
"మరి యాడికెల్లి గుంజుతున్నవ్?"
"సాబ్ పారేసిన దాంట్లకెల్లి.
దీన్ని దొంగ అనే అంటరంట."
కొంచెంసేపు చూసింది.
"అంటే నీది సుత దొంగ మోటరే గదా" అని
నవ్వుకుంట దిగింది,
తొమ్మిదో మెట్టు జాగ్రత్తగ దాటుకుంట.

ఆరో రాత్రికి వెలుగు పల్చబడ్డది,
పాలల్ల నీళ్లు కలిపినట్టు.
తెల్లారి మీటరు పెట్టిన:
సున్నా పాయింట్ ముప్పై ఎనిమిది.
ఇప్పుడు ఖతం, సాబ్.

డబ్బాల ఇంకా ముప్పై ఒకటి ఉన్నయి.
ఒక్కొక్కటి తీసి
చెవికి ఆనించుకుంటున్న,
ఏం వినబడదని తెలిసి సుత.