గోధుమరంగు గాజుపెంకు

బీరు సీసా పగిలితే వచ్చిన పెంకు అది.
అంచులు రాతిమీద అరగదీసి, తాడు కట్టి
మెడలో వేసుకునేది మక్వాలా.
కంటికి అడ్డం పెట్టుకుంటే
త్బిలిసీ స్టూడియో మూడో అంతస్తులో
రంగులన్నీ చచ్చిపోయి
వెలుగూ నీడా మిగిలేవి.
"ఎర్ర శాలువా, పచ్చ కర్టెనూ
ఫిల్ముమీద కవలపిల్లలురా,
పక్కపక్కన పెడితే ఒకదాన్నొకటి మింగేస్తాయి" అనేది.

నా పని కుర్చీలు మోయడం.
పద్నాలుగేళ్ళు.
గదులున్నవి మనుషులు ఉండటానికే
అనుకునే వయసు.

ఆ చలికాలం సినిమాలో ఒక వంటిల్లు.
స్క్రిప్టులో ఒకే ఒక్క వాక్యం:
ఉత్తరం చదివి ఆమె ఏడుస్తుంది.
నటి త్సియూరి ఏడ్చింది.
ఏడుసార్లు ఏడ్చింది.
ఏడుసార్లూ ముక్కు ఎర్రబడింది,
దర్శకుడు జుంబేర్ పెదవి విరిచాడు.
స్టవ్వులో కిరసనాయిలు అయిపోయింది.
మాటలు రాసినాయన బయటికెళ్ళి
మంచులో నిలబడి సిగరెట్టు కాల్చాడు.

అప్పుడు మక్వాలా ఎవర్నీ అడక్కుండా
ఇల్లు ఊడవడానికి వచ్చినంత మామూలుగా సెట్లోకి దిగి
బల్లని కిటికీ నుంచి మూరెడు దూరం లాగింది.
అంతే.
వెలుగు ఇక ఆమె చేతులదాకా రాలేదు,
బల్ల అంచునే ఆగిపోయింది
గుమ్మంలో నిలబడ్డ అప్పులవాడిలా.

రెండో కప్పు పెట్టింది. బోర్లించి.
కాసేపు ఆగి, తిప్పి వెల్లకిలా పెట్టింది.
బోర్లిస్తే పోయాడని.
వెల్లకిలా ఉంటే
ఇంకా ఎవరో పోస్తారేమోనని.

లైట్ల అవ్తాందిల్ నిచ్చెనెక్కి
దీపాన్ని దించుతూ దించుతూ పోయాడు,
గోడమీద ఆమె నీడ ఆమెకంటే పెద్దదై
పైకప్పుకి తగిలి
మెడ వంచుకునేదాకా.

ఇంకా ఏదో తక్కువ.
మక్వాలా ఒంటిమీది కోటు విప్పింది.
మగవాళ్ళ కోటు, ఆమె భుజాల మీద ఎప్పుడూ నిలవనిది.
తలుపు వెనక మేకుకి తగిలించింది.
కుడిజేబులో ఏదో బరువు,
కోటు ఓ పక్కకి ఒరిగింది.
సరిచేయబోతే నా మణికట్టు పట్టుకుంది.
"ఆ వంపు అతనిది."

జుంబేర్ నటితో ఒక్కటే చెప్పాడు:
"ఉత్తరం వద్దు. కప్పులు కడుగు."
ఒకటి కడిగింది.
రెండోదాని దగ్గర చెయ్యి ఆగింది.
కోటు వైపు చూడనైనా లేదు.
మేమంతా చూశాం.
కెమెరా గరగర తప్ప చప్పుడు లేదు.
ఎప్పుడొచ్చాడో, మాటలాయన
తన వాక్యాన్ని పెన్సిల్‌తో తనే కొట్టేసుకుంటున్నాడు.

ఇక ఆ కోటు మక్వాలాది కాదు.
మళ్ళీ తీయాల్సి వస్తే ఎలా?
స్టోరు రిజిస్టరులో నాలుగువందల పన్నెండు.
మార్చిదాకా ఇవ్వరట.
పల్చటి శాలువాలో ట్రామ్ స్టాపుదాకా నడిచింది, నేను వెనకే.
"జేబులో ఏముంది?" అన్నాను.
"అక్రోట్లు. మూడు.
నేనే వేశాను, బరువుకి."
"మరి ఆ వంపు అతనిదన్నావు?"
ట్రామ్ వచ్చింది. మెట్టుమీద ఒక కాలు పెట్టి అంది,
"మూడోది వేశాకే అతనిదైంది."
అతనెవరో
ఆ రోజూ అడగలేదు, తర్వాతా అడగలేదు.

పెంకు ఇప్పుడు నా దగ్గరుంది.
తాడు రెండుసార్లు మార్చాను.
ఎవరింటికి వెళ్ళినా నా కళ్ళు
ముందు మేకుల్ని వెతుకుతాయి,
తర్వాతే మనుషుల్ని.

సినిమా కుటాయిసీకి వచ్చినప్పుడు
ఐదో వరసలో కూర్చున్నాను.
కాళ్ళకింద పొద్దుతిరుగుడు గింజల పొట్టు.
వంటిల్లు వచ్చింది. కప్పు వచ్చింది.
హాల్లో ఎవరో గింజలు నమలడం మానేశారు.
పక్కసీటు పెద్దావిడ
కళ్ళు తుడుచుకుంటూ నా మోచేతిని తట్టి
"ఎంత బాగా ఏడ్చిందో ఆ పిల్ల!" అంది.
ఏడవలేదని చెప్పబోయి
ఊరుకున్నాను.